లెక్కలోకి రాని మ్యాచ్

తులసీదాస్ బలరాం పోయారన్న వార్త 2023 ఫిబ్రవరిలో పేపర్లో ఎక్కడో లోపలి పేజీలో చూశాను. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టి, రోమ్ ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మన జట్టు తరఫున హంగరీ మీద గోల్ కొట్టిన మనిషి. చదువుతూనే ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. ఈ కబురు చెప్పాల్సింది మా నాయనకి. ఆయన పోయి అప్పటికే కొన్నేళ్లయింది. ఫోన్ పక్కన పెట్టేశాను.

చిత్రమేమిటంటే, నాయన బలరాం గురించి తనివితీరా మాట్లాడగా నేను విన్నది సికింద్రాబాద్‌లో కాదు, లండన్‌లో. ఒక సూపర్ మార్కెట్ వెనకాల ఉన్న చిన్న క్లబ్బు మైదానంలో, సీజన్ ఇంకా మొదలవకముందు ఆడిన ఒక ఫ్రెండ్లీ మ్యాచ్‌లో. ఎవరు గెలిచినా ఎవరికీ పాయింట్లు రావు, ఏ రికార్డుల్లోనూ లెక్కకు రాదు. అలాంటి మ్యాచ్.

* * *

అప్పట్లో నేను దక్షిణ లండన్‌లో డెన్మార్క్ హిల్ మీద ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పని చేసేవాణ్ణి. కొత్తలో అందరిలాగే ఈస్ట్ హామ్‌లో మనవాళ్లతో కలిసి ఉన్నాను. నైట్ డ్యూటీలు పడడం మొదలయ్యాక అంత దూరం తిరగలేక క్యాంబర్‌వెల్‌లో ఒక గది చూసుకున్నాను. డ్యూటీకి దగ్గరైంది కానీ దోసెలు, తెలుగు మాటలు, రాత్రి పన్నెండింటిదాకా సాగే పేకాట అన్నీ పోయాయి. సెలవు రోజు వస్తే ఏం చెయ్యాలో తోచేది కాదు. ప్రీమియర్ లీగ్ మ్యాచ్ చూద్దామంటే టికెట్ ధర వింటేనే కళ్లు తిరిగేవి.

మా ల్యాబ్‌కి శాంపిళ్లు తెచ్చే పోర్టర్ ఒకాయన నా అవస్థ చూసి, "ఇక్కడే నడిచిపోయేంత దూరంలో మా క్లబ్బు ఉంది, రా" అన్నాడు. డాగ్ కెన్నెల్ హిల్ దిగగానే కుడివైపు సూపర్ మార్కెట్, దాని వెనక ఛాంపియన్ హిల్ మైదానం. క్లబ్బు పేరు డల్విచ్ హామ్లెట్. మొదటిసారి వాళ్ల చొక్కాలు చూసి నాకు నవ్వాగలేదు. గులాబీ రంగు, ముదురు నీలం. మన దగ్గర పెళ్లి షామియానాకి వేసే రంగులు అవి! నెల తిరక్కుండానే అదే రంగుల మఫ్లర్ కొనుక్కుని మెడకు చుట్టుకున్నాను.

తెలియనివాళ్లకి ఒక మాట. ఇంగ్లండ్‌లో పై నాలుగు డివిజన్లలో ఉండేవి 92 క్లబ్బులు. వాటి కింద ఉన్నవాటన్నిటినీ కలిపి నాన్-లీగ్ అంటారు. ఆ కింది మెట్లలో ఆడేవాళ్లలో చాలామందికి పగలు వేరే ఉద్యోగం ఉంటుంది. పొద్దున కొళాయిలు బిగించినవాడు, బళ్లో పీఈటీ పాఠం చెప్పినవాడు, మంగళవారం సాయంత్రం వచ్చి బూట్లు కట్టుకుంటాడు. మనం టీ తాగుతుంటే వార్మప్‌కి పోతూ "హలో" అని పలకరిస్తాడు. ఇంకో సుఖం కూడా ఉంది. పెద్ద లీగుల్లో మైదానం కనబడే చోట బీరు తాగడాన్ని చట్టం ఒప్పుకోదు. ఇక్కడ గ్లాసు చేత్తో పట్టుకుని కంచెకి ఆనుకుని చూడొచ్చు. నేను తాగను కాబట్టి నాకు టీయే. ఆ టీ మాత్రం ఏనాడూ బాగుండేది కాదు.

క్లబ్బు మాత్రం చిన్నదేం కాదు, ఒకప్పుడు. 1893లో పుట్టింది. జీతం తీసుకోకుండా ఆడేవాళ్ల జట్లకి పెట్టిన ఎఫ్ఏ అమెచ్యూర్ కప్పు నాలుగుసార్లు గెలిచింది: 1920, 1932, 1934, 1937. పాత స్టేడియంలో ఇరవై వేలమందికి పైగా పట్టేవాళ్లట. స్థలంలో కొంత సూపర్ మార్కెట్‌కి పోయి, 1992లో ఇప్పుడున్న చిన్న స్టాండు కట్టారు. మైదానానికి వెళ్లే దారికి ఎడ్గార్ కైల్ పేరు పెట్టుకున్నారు. ఆయన మద్యం అమ్మే సేల్స్‌మన్ ఉద్యోగం చేసుకుంటూ ఈ క్లబ్బుకి నాలుగు వందలకు పైగా గోల్స్ కొట్టాడు. పైసా తీసుకోలేదు. ఇక్కడ ఆడుతూనే 1929లో ఇంగ్లండ్ జట్టుకి మూడు మ్యాచ్‌లు ఆడాడు. వాటిలో మొదటిది ఫ్రాన్స్ మీద, అందులోనే రెండు గోల్స్. ఆయన్ని కళ్లతో చూసినవాళ్లు ఎవరూ మిగల్లేదు కానీ, ఆయన పేరుమీద పాట మాత్రం ప్రతి మ్యాచ్‌లోనూ మోగేది.

* * *

ఆ ఏడాది జూలైలో అమ్మా నాయనా వచ్చారు. అమ్మకి లండన్ బాగానే పట్టుబడింది. రెండంతస్తుల బస్సెక్కి పైన ముందు సీట్లో కూర్చోవడమే ఆవిడకి సినిమా. నాయనకే పొద్దు గడిచేది కాదు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో రిటైరయ్యేదాకా సైరన్ మోతకి లేచి, సైరన్ మోతకి ఇంటికొచ్చిన మనిషి. జూలైలో కూడా స్వెటర్ వేసుకుని, మంకీ క్యాప్ జేబులో పెట్టుకుని, కిటికీ దగ్గర కూర్చుని 176 నంబరు బస్సు ఎన్ని నిమిషాలకొకటి వస్తోందో చూసేవాడు.

చిన్నప్పుడు నాయన ఫుట్‌బాల్ చూడటం నేను చూసింది ఒకేలా. డ్యూటీ దిగి వస్తూ రైల్వే గ్రౌండ్ దగ్గర సైకిల్ ఆపేవాడు. దిగేవాడు కాదు. ఒక కాలు నేల మీద, ఒక కాలు పెడల్ మీద. ముందు రాడ్డు మీద నేను. మెడ వెనక ఆయన ఊపిరి, గ్రీజు వాసన. పది నిమిషాలు చూసి, ఎవరు ఆడుతున్నారో, ఎంత స్కోరో ఏమీ చెప్పకుండా తొక్కుకుంటూ వచ్చేసేవాడు. నేను అడిగేవాణ్ణి కాదు. నాయనని అడిగే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు.

అందుకే ఆ సాయంత్రం "వస్తవా నాయనా" అని నేను అడగడం కూడా మొహమాటానికే.

"ఏడికి?"

"ఫుట్‌బాల్ మ్యాచ్. ఈడనే, బస్సుల పది నిమిషాలు."

"కప్పా?"

"కప్పు గాదు. సీజన్ ఇంక షురూ గాలే. ఫ్రెండ్లీ. ఉత్తగ ఆడుతరు."

"ఉత్తగ ఆడేదానికి టికెట్ ఎందుకు మరి?"

అని అంటూనే లేచి బూట్లు వేసుకున్నాడు.

* * *

సీజన్‌కి ముందు ఆడే ఫ్రెండ్లీలంటే నాకు అసలు మ్యాచ్‌ల కన్నా ఇష్టం. ఈ మాటంటే మా పోర్టర్ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసేవాడు. మే నెల నుంచి మూతపడి ఉన్న మైదానం అది. కొత్తగా విత్తిన గడ్డి లేతగా, గోల్‌పోస్టుల ముందర కూడా పచ్చగా ఉంటుంది. అక్టోబరు వచ్చేసరికి అక్కడ బురదే. ఎండాకాలమంతా కనబడని మొహాలు మళ్లీ కనబడతాయి. ఎవరికి మోకాలు ఆపరేషనైంది, ఎవరికి మనవడు పుట్టాడు, ఏ ఆటగాడు యాభై పౌండ్లు ఎక్కువిస్తామంటే పక్క క్లబ్బుకి పోయాడు, అన్నీ గేటు దగ్గరే తెలిసిపోతాయి. కుక్కల్ని కూడా తెచ్చుకుంటారు. టెన్షన్ ఉండదు. కొత్త మేనేజర్ ఇద్దరు కుర్రాళ్లని తప్ప జట్టంతటినీ సగంలో మార్చేసినా ఎవరూ తిట్టరు.

ఆ రోజు వచ్చినవాళ్లు ఒక పెద్ద క్లబ్బు తాలూకు కుర్రాళ్లు. పెద్ద క్లబ్బులు ఇలాంటి మ్యాచ్‌లకి అసలు జట్టుని పంపవు. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల పిల్లల్ని పంపుతాయి. ఖరీదైన బూట్లు, ఒకేలాంటి హెయిర్‌కట్లు. వాళ్ల ఎదురుగా మా వాళ్లలో ఒకడికి అప్పుడే బట్టతల.

నాయన సీట్లలో కూర్చోనన్నాడు. కంచె పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడే వార్మప్ ముగించుకుని ఆటగాళ్లు మా ముందు నుంచి లోపలికి పోతుంటే ఘాటుగా నొప్పుల మందు వాసన గుప్పుమంది. దాంతో కలిసి ఉల్లిపాయలు వేగే వాసన, కోసిన గడ్డి వాసన. నాయన గట్టిగా ఊపిరి పీల్చాడు. "అయోడెక్స్ గాదు. ఇంకేదో" అన్నాడు. మా ఇంట్లో ఆ నల్ల డబ్బా అయిపోవడం నేనెన్నడూ చూడలేదు. ఆయన ఎడమ మోకాలికి రోజూ రాత్రి రాసుకునేవాడు. వర్క్‌షాపు పనివల్ల వచ్చిన నొప్పి అనుకునేవాళ్లం.

మొదటి పావుగంట ఒక్క మాట లేదు. తర్వాత నెమ్మదిగా మొదలైంది.

"ఆ పదకొండో నంబరు పోరడు బాల్ వచ్చినంక చూస్తుండు. రాకముందు చూడాలె."

కాసేపాగి, "ఎడమ కాలు లేదు వీనికి."

ఇంకాసేపాగి, "రహీం సాబ్ అయితే వీనితోని నెలరోజులు ఎడమ కాలుతోనే ఆడిపిస్తుండె."

సయ్యద్ అబ్దుల్ రహీం గురించి నేను పేపర్లలో చదివాను. బడిపంతులుగా మొదలై, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకీ, భారత జట్టుకీ కోచ్ అయిన మనిషి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టుని నాలుగో స్థానం దాకా తీసుకెళ్లినవాడు. కానీ మా నాయన ఫతే మైదాన్ గోడెక్కి ఆయన ప్రాక్టీసు చేయించడం చూసేవాడని నాకు ఆ సాయంత్రం దాకా తెలియదు. ఒట్టి ఎడమ కాలితో ఆడే పోటీలు పెట్టేవాడట. బంతి కాలికి తగలగానే ఇచ్చేయాలి, దాన్ని ఆపుకుని గారడీలు చెయ్యకూడదని ఇంకో పోటీ. సిటీ పోలీస్ వాళ్లు 1950 నుంచి 1954 దాకా బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్పు టోర్నమెంటు వరసగా ఐదుసార్లు గెలిచిన సంగతి చెప్పేటప్పుడు నాయన చెయ్యి కంచె వదిలి ఐదు వేళ్లూ చూపించింది. బలరాం ఎట్లా నడిచేవాడు, బంతి లేనప్పుడు ఎక్కడ నిలబడేవాడు. "బాల్ ఏడికొస్తదో ఆనికి ముందే తెలుస్తుండె" అన్నాడు. ఆ 'ఆడు' అనడంలో ఇరుగింటి కుర్రాడి గురించి చెబుతున్న చనువు.

* * *

మా పక్కన నిలబడే పెద్దాయన ఒకరుండేవారు. టోపీ, చేతి సంచీ, సంచీలో ఇంటి నుంచి తెచ్చుకున్న శాండ్‌విచ్. నాయన ఈడువాడే. నాయనకి వచ్చిన ఇంగ్లీషు వర్క్‌షాపు ఇంగ్లీషు: నట్టు, బోల్టు, ఓవర్‌టైమ్, లీవ్ శాంక్షన్డ్. అయినా వాళ్లిద్దరికీ నా అవసరం పెద్దగా రాలేదు.

ఆయన నాయనతో, "1948లో ఇక్కడ ఒలింపిక్స్ మ్యాచ్ జరిగింది, మా నాన్న భుజాల మీద కూర్చుని చూశాను" అన్నాడు. నిజమే. లండన్ ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో కొన్ని మ్యాచ్‌లని ఇలాంటి క్లబ్బుల మైదానాల్లోనే పెట్టారు. ఛాంపియన్ హిల్‌లో దక్షిణ కొరియా 5-3తో మెక్సికోని ఓడించింది.

కొరియా పేరు వినగానే నాయన నిటారుగా అయ్యాడు. వేలు ఎత్తి, "జకార్తా. సిక్స్‌టీ టూ. ఫైనల్. ఇండియా టూ, కొరియా వన్" అన్నాడు. 1962 ఆసియా క్రీడల బంగారు పతకం. రహీం సాబ్‌ది అదే చివరి పెద్ద గెలుపు. అప్పటికే ఆయనకి క్యాన్సర్, మరుసటి ఏడాదే పోయారు.

పెద్దాయన పాపం మర్యాదగానే, "ఇండియాలో క్రికెట్ కదా ఆడేది?" అన్నాడు.

నాయన నా వైపు తిరిగాడు. "ఏమంటుండు?"

నేను అనువదించలేదు. "మంచిగనే ఆడిన్రట" అన్నాను. అర్థమైపోయిందనుకుంటా. ఆ తర్వాత పది నిమిషాలు ఆ వైపు చూడలేదు. హాఫ్ టైమ్‌లో శాండ్‌విచ్‌లో సగం తీసిచ్చాకే రాజీ కుదిరింది. లోపల ఏముందని నేను అడిగి, గుడ్డేనని తేల్చుకున్నాక.

* * *

హాఫ్ టైమ్‌లో గేటు దగ్గర ఇచ్చిన జట్ల కాగితం నాయన చేతిలో పెట్టాను. ఒక తెల్ల కాగితం, జిరాక్స్ సరిగా రాక ఒక పక్క నల్లగా మసకబారింది. కళ్లజోడు పెట్టుకుని పై నుంచి కిందికి వేలు జరుపుతూ వచ్చి పద్నాలుగు దగ్గర ఆగాడు.

"ఈనికి పేరు లేదేంది?"

పద్నాలుగు ఎదురుగా 'ట్రయలిస్ట్' అని మాత్రమే ఉంది. సీజన్ ముందు మ్యాచ్‌ల్లో ఇది మామూలే. ఇంకా సంతకం చెయ్యని కుర్రాణ్ణి ఒక సాయంత్రం ఆడించి చూస్తారు. పేరు వేస్తే ఇంకో క్లబ్బు ఎగరేసుకుపోవచ్చు, లేదా వాడు ఇంకా వేరే క్లబ్బు పుస్తకాల్లో ఉండొచ్చు. అందుకని పేరు రాయరు. నచ్చితే వచ్చే శనివారం కాగితంలో పేరుంటుంది, నచ్చకపోతే వాడెవరో ఎవరికీ తెలియకుండానే పోతాడు. ఇదంతా చెప్పాను.

నాయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పద్నాలుగో నంబరు కుర్రాడు సెకండాఫ్‌లో బాగా ఆలస్యంగా దిగాడు. సన్నగా, పొడుగ్గా, సాక్సు ఒకటి జారిపోతూ. ఏ మాటా లేకుండా పరుగెత్తుతున్నాడు, కానీ ఎవరూ బంతి ఇవ్వడం లేదు. జట్టులో మిగతావాళ్లకి వాడి పేరు తెలియకపోవడమే కారణం. "మేట్" అని పిలుస్తున్నారు, ఆ పిలుపుకి ముగ్గురు తిరుగుతున్నారు. తొమ్మిదిన్నరకి ఆట అయిపోవాలి. పొద్దు గూకుతోంది, ఫ్లడ్‌లైట్లు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి.

"నేను గూడ గిట్లనే పోయిన ఒకపారి" అన్నాడు నాయన.

మైదానం మీంచి కళ్లు తిప్పకుండానే చెప్పాడు. వర్క్‌షాపులో చేరక ముందు. ఒక డిపార్ట్‌మెంట్ టీమ్ వాళ్లు పిలిచారు. బూట్లు లేవు. ఒట్టి కాళ్లతో ఆడి పెరిగినవాడికి ఎవరివో బూట్లు ఇచ్చారు, ఒక సైజు పెద్దవి. ముందర పేపరు కుక్కుకున్నాడు. ఆఖరి ఇరవై నిమిషాలు దింపారు. రెండుసార్లు బంతి దొరికింది. మూడోసారి మోకాలు మెలి తిరిగింది.

"మల్ల?"

"మల్ల ఏముంది, ఇంటికొచ్చిన. పిలుస్తం అన్నరు."

అక్కడ పద్నాలుగో నంబరు కుర్రాడికి ఎట్టకేలకు బంతి దొరికింది. నేను వాణ్ణి చూడాలో నాయన మోకాలిని చూడాలో తెలియలేదు. వాడు కుడివైపు నుంచి ఇద్దర్ని దాటి క్రాస్ కొట్టాడు. గోల్ వెనకాల ఎవరికీ అందకుండా పోయి గోడ దాటింది. నాయన చప్పట్లు కొట్టాడు. ఒక్కడే.

స్కోరెంతో ఇప్పుడు గుర్తులేదు. ఆగస్టులో మొదటి లీగ్ మ్యాచ్ కాగితంలో పద్నాలుగు దగ్గర వేరే పేరుంది. అది ఆ కుర్రాడి పేరు కాదు. నేను వార్మప్‌లోనే చూసుకున్నాను. అప్పటికి నాయన సికింద్రాబాద్ వెళ్లిపోయాడు. ఫోన్‌లో మొదటి ప్రశ్న అదే అడిగాడు. "తీస్కున్నరా?" లేదన్నాను.

అమ్మని ఒకసారి ఆ బూట్ల గురించి కదిపాను. ఆవిడకి అన్నీ తెలుసు. "ఆ తర్వాత సొంతంగ ఒక జత కొనుక్కుండు, మా పెండ్లప్పుడు గూడ సందుగల ఉండె. మీ తాత ఎవలికో ఇచ్చేసిండు" అంది, బియ్యంలో రాళ్లేరుతూ.

* * *

తర్వాత నేనూ తిరిగొచ్చేశాను. ఇక్కడే ఒక ల్యాబ్‌లో చేరాను. డల్విచ్ స్కోర్లు మాత్రం శనివారం రాత్రి చూడకుండా పడుకునేవాణ్ణి కాదు. మేం చూసినప్పుడు వందల్లో ఉండే జనం తర్వాత వేలకి చేరారు. 2018లో స్థలం గొడవల్లో క్లబ్బు తన మైదానంలోనే అడుగుపెట్టలేని పరిస్థితి వచ్చింది. టూటింగ్ అండ్ మిచమ్ వాళ్ల మైదానంలో తలదాచుకున్నారు. నాయనకి చెబితే, "సొంత గ్రౌండ్‌కే తాళమా?" అని చాలాసేపు తిట్టాడు, ఎవరినని లేకుండా. తమాషా ఏమిటంటే ఆ అద్దె మైదానంలోనే ప్లే-ఆఫ్ ఫైనల్‌లో పెనాల్టీల మీద గెలిచి పై మెట్టైన నేషనల్ లీగ్ సౌత్‌కి ఎక్కారు. ఆ డిసెంబరులో ఛాంపియన్ హిల్‌కి తిరిగొచ్చారు. ఫైనల్ గెలిచిన వార్త విన్నప్పుడు నాయన మంచం మీదున్నాడు. "పెనాల్టీలు మంచిగ కొట్టిన్రన్న మాట" అన్నాడు.

పెనాల్టీలంటే ఆయనకి ఒక లెక్క ఉంది. అది చెప్పనేలేదు.

లండన్‌లో మేం చూసిన ఆ ఫ్రెండ్లీ మర్నాడే మొదలైంది గొడవ. కంచె దగ్గరి పెద్దాయన వెళ్లేటప్పుడు, 1948లో ఇండియా కూడా ఆడిందనీ, తూర్పున ఇల్ఫర్డ్‌లో అనీ, ఆటగాళ్లకి బూట్లు లేవనీ చెప్పిపోయాడు. నాయనకి ఇక ఇంట్లో కాలు నిలవలేదు. వచ్చిన ఆదివారం ఇల్ఫర్డ్ వెళ్లాం. అమ్మ కూడా వచ్చింది, అటునుంచి ఈస్ట్ హామ్‌లో దోసె తినిపిస్తానంటే.

లిన్ రోడ్‌లో ఉండేది ఇల్ఫర్డ్ ఎఫ్‌సీ పాత మైదానం. స్వతంత్ర భారత జట్టు మొట్టమొదటి ఒలింపిక్స్ ఫుట్‌బాల్ మ్యాచ్ జులై 31న అక్కడే ఆడింది, ఫ్రాన్స్‌తో. 1970ల చివర్లో క్లబ్బు ఆ స్థలం అమ్మేస్తే ఇళ్లు కట్టారు. మేం వెళ్లేసరికి వరసగా ఇళ్లు, కార్లు, ఎవరిదో చంటిపిల్ల సైకిల్. కారు కడుగుతున్న ఒక సర్దార్జీని నాయన హిందీలో అడిగాడు. ఆయనకి ఏమీ తెలియదు కానీ మంచినీళ్లిచ్చాడు.

దోసె వచ్చేదాకా నాయన లెక్కే వేస్తున్నాడు. "ఎంతకు ఓడిపోయినం?"

"రెండు ఒకటి. రామన్ మన గోల్ కొట్టిండు. రెండు పెనాల్టీలు పోయినయి."

"ఎవలు మిస్ చేసిన్రు?"

"శైలెన్ మన్నా ఒకటి, మహావీర్ ప్రసాద్ ఒకటి."

"మన్నానా?" సాంబారులో చెంచా ఆగిపోయింది. "మన్నాను ఏమనకు. బరిగాళ్లతోని కొట్టుడు నీకేం ఎరుక."

"నేనేమన్న నాయనా?"

"రెండు పడితే మూడు రెండు. మనమే గెలుస్తుంటిమి." కాసేపు తిన్నాడు. మళ్లీ చెంచా ఎత్తి నా వైపు చూపించాడు. "అదే ఫ్రెండ్లీ అయితే, రెఫరీ ఇంకోపారి కొట్టుమంటుండె."